నీళ్ళ నేరం, పత్తి నింద

పత్తి మిల్లులో పనిచేయని వాళ్ళకు ఆ దాహం సంగతి ఎంత చెప్పినా అర్థం కాదు. ఎండకు వేసే దాహం వేరు, అది చెంబెడు నీళ్ళతో తీరుతుంది. జిన్ను యంత్రం ముందు కూర్చుని పత్తిలోంచి గింజ తీయించే మనిషికి నూగు ముక్కులోకి, నోట్లోకి, కంటిరెప్పల మీదికి ఎగిరి పడుతూనే ఉంటుంది. గొంతులో పీచు అడ్డం పడుతుంది. మింగితే దిగదు, ఉమ్మితే రాదు. నీళ్ళు పడితేగాని ఊపిరి సరిగా ఆడదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో నరసరావుపేటలో అలాంటి మిల్లులో నేను పనిచేశాను.

మాది దూదేకుల కుటుంబం. మా నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు, పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక విల్లు అటకెక్కింది, నేను మిల్లు మెట్లెక్కాను. ఇంట్లో ఉబ్బసంతో అమ్మ. మేమున్న పాక మిల్లు షావుకారి స్థలంలో వేసుకున్నది. అందుకని నోరు అదుపులో పెట్టుకోమని గడప దాటేముందు అమ్మ రోజూ చెప్పి పంపేది. నా నోటి సంగతి ఆమెకు బాగా తెలుసు.

మిల్లులో నీళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఒక చిన్న గదిలో గోడవారగా కుండలు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఇత్తడి గ్లాసు. నాకు వేరే మేకుకు తగిలించిన రేకు డబ్బా. ఇక పల్లె ఆడవాళ్ళు, అంటే అంటరానివాళ్ళని ఊరికి అవతల ఉంచిన పేట వాళ్ళు, ఆ గది గడప తొక్కకూడదు. గోడకు కన్నం పొడిచి దానిగుండా ఒక రేకు దోనె బయటికి దించారు. కావిడి మోసే ముసలాయన లోపలినుంచి పోస్తే వాళ్ళు బయట దోసిలి పట్టి తాగాలి. ఆయన లేకపోతే వాళ్ళకు నీళ్ళు లేవు. అందరి చేతులమీదుగా వెళ్ళిన పత్తి మాత్రం ఒకే గోనె బోరెంలో పడేది. దానికి ఏ మైలా అంటేది కాదు. డబ్బు తెచ్చే వస్తువుకు మైల ఉండదని నాకు ఆ మిల్లులోనే తెలిసింది.

నా పక్క జిన్ను మీద కూర్చునే ఆమెది పల్లె. నాకంటే చిన్నది. పుట్టిల్లు రెంటచింతల. "రెంటచింతల ఎండలో పుట్టినదాన్నక్కా, ఇదొక ఎండా?" అని నవ్వేది. బాలింత. చంటిబిడ్డను అత్త దగ్గర వదిలి పనికి వచ్చేది. మొగుడు మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె కూలే ఆధారం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి రోజు మధ్యాహ్నం మిల్లు ఇంజను వేడెక్కింది. కావిడి ముసలాయన్ని మేస్త్రి ఇంజను దగ్గరికి తోలాడు. మనుషులైతే దాహానికి ఓర్చుకుంటారు, ఇంజను ఓర్చుకోదు కదా. ఆమె దోనె దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఉత్త చేతులతో వచ్చింది. పెదవులు తెల్లగా పొరలు కట్టాయి. బిడ్డకు పాలిచ్చే మనిషి, ఒంట్లో తడి ఎక్కడినుంచి వస్తుంది?

"ఉండు, నేనొచ్చి పోస్తా" అని లేచాను. మేస్త్రి నా వెనకే ఉన్నాడు.

"జిన్ను ఉత్తినే తిరగతా ఉంది. యాడికే?" అన్నాడు.

నేను కూర్చున్నాను. ఆయన అటు తిరగ్గానే ఆమె లేచింది. ఈసారి దోనె వైపు వెళ్ళలేదు, నేరుగా గదిలోకి నడిచింది.

ఆమె కుండలో గ్లాసు ముంచి తాగుతుండగా ఊళ్ళో ఆవిడ ఒకావిడ చూసి, పాము కనపడ్డట్టు కేక పెట్టింది. జిన్నుల దగ్గరివాళ్ళం లేచి పరుగెత్తాం. మేస్త్రి వచ్చి ఆమెను ఏమీ అడగలేదు. కుండను కాలితో తన్నాడు. అది పగిలి నీళ్ళు మా కాళ్ళ కిందికి వచ్చాయి. అందరికీ గొంతు ఎండిపోతుంటే అన్ని నీళ్ళనూ నేల తాగేసింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"రేపటినించి నీకు పన్లేదు, ఫో!" అని ఆమెను వెనక దొడ్డిదారిన బయటికి తరిమాడు. నలుగురూ చూస్తారని ముందు గేటు వైపు కూడా రానివ్వలేదు.

మర్నాడు హాజరు వేళకు ఆమె వచ్చి వరసలో నిలబడింది. మేస్త్రి అందరి పేర్లూ పిలిచాడు, ఆమె పేరు పిలవలేదు. మేం లోపలికి వెళుతుంటే ఆమె అక్కడే ఉంది. ఆ మర్నాడూ వచ్చింది. "దాంతో మాట్టాడినోళ్ళు గూడా దాని పక్కనే నిలబడాల్సుంటది" అన్నాడు మేస్త్రి. ఎవరం మాట్లాడలేదు. అట్లా కొన్నాళ్ళు వచ్చి తర్వాత రావడం మానేసింది. పీడా వదిలిందనుకున్నారు మిల్లువాళ్ళు. ఆమె చర్చి బడి పంతులుగారి చేత ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు అర్జీ రాయించి గుంటూరు పంపిందని ఎవరికీ తెలియదు.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్న కబురు మాత్రం ఆయన బయలుదేరకముందే షావుకారికి అందింది. ఇలాంటి కబుర్లు ఎలా అందుతాయో నన్ను అడగొద్దు. దోనె పీకేశారు. గోడ కన్నంలో మట్టి మెత్తి పైన సున్నం కొట్టారు. ఇత్తడి గ్లాసూ నా రేకు డబ్బా రెండూ మాయమై ఒక కొత్త గ్లాసు వచ్చింది. ఇక మిగిలింది, ఆమెను ఎందుకు తీసేశారన్న ప్రశ్న. నీళ్ళు ముట్టుకుందని తీసేశామంటే కొత్త ప్రభుత్వంలో తలనొప్పి. కాబట్టి వాళ్ళకొక దొంగతనం కావాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు మధ్యాహ్నం మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు.

"అది పత్తి దొంగిలించింది. సాయంత్రం గేటుకాడ అవ్వ దాని కొంగు మడతలోంచి తీసింది. నువ్వు పక్కనే ఉండి చూశావు. అంతే జెప్పాల."

"నేను చూళ్ళా."

"చూశావని చెప్తన్నా గదా!"

"నేనే దొరికానా? ఇంతమంది ఉంటే?"

"మావోళ్ళు చెప్తే కులాన్ని బట్టి చెప్పారంటారు. నువ్వు అటూ గాదు, ఇటూ గాదు. నీ మాటయితే నమ్ముతారు. నాలుగు అచ్చరాలు గూడా వచ్చు నీకు." గొంతు తగ్గించాడు. "షావుకారుగారి జాగాలో ఉంటన్నారు. ఉబ్బసం మనిషిని ఎత్తుకుని యాడికి పోతావో ఆలోచించుకో."

నాకు భయమేసింది. మేస్త్రి అరిస్తే నాకెప్పుడూ భయం లేదు, తిరిగి అరవగలను. గొంతు తగ్గించాడంటే మాత్రం అన్నంత పనీ చేస్తాడు.

గేటు దగ్గర అవ్వ గురించి చెప్పాలి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆడవాళ్ళ కొంగుల్లో, కొప్పుల్లో పత్తి దాచుకున్నారేమో వెతకడానికి షావుకారు ఒక ముసలావిడను పెట్టాడు. ఆయనకు దూరపు చుట్టం. మహా నిష్ఠగల మనిషి. ఆ సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు ఆమె చేతులు నా కొంగు విప్పి, నడుం దగ్గర మడత తడిమి, కొప్పు వదులు చేసి చూశాయి. "ఫో" అని నన్ను తోసి, నా వెనకున్న పల్లె పిల్లను చూసి ఆమె నాలుగడుగులు వెనక్కి జరిగింది. "ఆడనే నిలబడి దులుపుకోవే" అంది. ఆ పిల్ల దూరంగా నిలబడి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

రోజూ చూసేదే అది. పల్లెవాళ్ళను అవ్వ తాకదు. అలాంటిది నా పక్క జిన్ను ఆమె కొంగు మడతలో చెయ్యి పెట్టి పత్తి తీసిందట! అబద్ధం అల్లిన మేస్త్రికి ఆ సంగతి తట్టలేదు. సరే చెబుతానని ఒప్పుకున్న అవ్వకూ తట్టలేదు. అంటును వాళ్ళు ఎంత అలవాటుగా పాటించేవాళ్ళంటే, అది ఒకటుందని వాళ్ళకే గుర్తుండేది కాదు. నాకు తట్టింది. తట్టినందుకు సంతోషం లేదు, ఇంకా భయమేసింది. తట్టకపోతే ఏమీ చెయ్యలేనని సరిపెట్టుకునేదాన్ని.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఊపిరి అందక, మాటను ముక్కలు ముక్కలుగా అంది. "ఎద్దులూ ఎద్దులూ పొడుచుకుంటే దూడల కాళ్ళు ఇరుగుతయ్యే. వాళ్ళ గొడవ మనకేంది? చెప్పమన్నది చెప్పి రా."

"దొంగని చెప్పాలంటమ్మా. రేపటినించి ఏ మిల్లూ దాన్ని రానియ్యదు."

"మనల్ని యాడికి రానిస్తారు?"

అమ్మ తప్పుగా ఏమీ అనలేదు. ఆమె అన్నదంతా నిజమే కావడం వల్లనే నాకు అంత కోపం వచ్చింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి. చెమట తుడుచుకుంటూ మిల్లంతా తిరిగి, మమ్మల్ని వరసగా నిలబెట్టించి, "మీకేమన్నా ఫిర్యాదులుంటే భయం లేకుండా చెప్పండి" అన్నాడు. ఆయనకు ఇటు షావుకారు, అటు మేస్త్రి నిలబడి ఉన్నారు. పిల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఎలుకల కష్టసుఖాలు అడిగినట్టుంది. "ఏం లేవు బాబూ" అన్నారు అందరూ.

తర్వాత ఆఫీసు వసారాలో విచారణ. ఇన్‌స్పెక్టరుకు, షావుకారుకు కుర్చీలు. అవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నన్ను మేస్త్రి పక్కన నిలబెట్టారు. అర్జీ పెట్టినామెను పిలిపించారు. మెట్ల కింద ఎండలో నిలబడింది. పైకి రమ్మని ఇన్‌స్పెక్టరూ అనలేదు. బహుశా ఆయనకూ అది కనపడలేదేమో.

"మా మిల్లులో తేడాలేం లేవండీ. అందరూ మా బిడ్డల్లాంటోళ్ళే" అన్నాడు షావుకారు. "ఈ పిల్ల పత్తి దొంగతనం చేసింది. పోలీసులకు ఇవ్వకుండా, చంటిబిడ్డ తల్లి గదా అని జాలిపడి పని మాత్రం మాన్పించాం. కావాలంటే మా చేలో కూలికి రమ్మనండి, నేనేం కాదనను."

ఇన్‌స్పెక్టరు ముఖం తేలికపడింది. ఆయనకు మధ్యాహ్నం బస్సు ఉంది. "అయ్యగారు చేలో పనిస్తామంటున్నారు. సరేనా?" అని ఆమెను అడిగాడు.

ఆమె చేతులు కట్టుకోలేదు. "నీళ్ళు ముట్టుకున్నా బాబూ. అది నిజం. పత్తి ముట్టుకోలా. దొంగనన్న పేరుతో చేలోకి పోను, యాడికీ పోను. ఆ పేరు తీసెయ్యండి. ఆనక పన్లో పెట్టుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం."

అంత ధైర్యంగా అన్న మనిషి కాళ్ళ వైపు చూశాను. కాలే నేలమీద నిలవలేక ఒక పాదం ఎత్తి ఇంకో పాదం మీద పెట్టుకుంటోంది.

"నీళ్ళేంది? ఎవరి నీళ్ళు?" అని ఆశ్చర్యపోయాడు షావుకారు. అవ్వను చూపించాడు.

"దొరికింది బాబూ. కొంగు మడతలో దొరికింది" అంది అవ్వ, పాఠం అప్పజెప్పినట్టు.

ఇక నా వంతు. మేస్త్రి నా వైపు చూడను కూడా చూడలేదు, అంత నమ్మకం. మెట్ల కిందినుంచి ఆమె చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. నువ్వు కూడానా అన్నట్టు ఉంది. పాకా, మంచం, అమ్మ ఊపిరి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

"చెప్పమ్మా, నువ్వు చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను చూళ్ళేదు బాబూ" అన్నాను. మేస్త్రి తల తిప్పాడు. ఆగితే మళ్ళీ మాట రాదని గబగబా అనేశాను. "అవ్వ తీసిందంటన్నారు. మా అవ్వకు నిష్ఠ చానా. పల్లెదాని కొంగు చేత్తో పట్టుకుని, మడతలో చెయ్యి పెట్టి తీసిందేమో, అవ్వనే అడగండి."

అవ్వ ముఖం ఎర్రబడింది. స్తంభం పట్టుకుని లేచింది.

"శివశివా! నేనా? దాని కొంగు నేను పట్టుకున్నానా? ఎవరే అన్నది? ఈ గేటుకాడ కూర్చున్నన్నాళ్ళూ ఒక్క పల్లెదాని నీడ తొక్కలా నేను!"

"అవ్వా, కూర్చో" అన్నాడు మేస్త్రి.

"నువ్వూరుకోరా! నా ఆచారం తియ్యడానికి నువ్వెవరు? నలుగురూ వింటే నా ఇంట మంచినీళ్ళన్నా తాగుతారా?"

"మరి పత్తి ఎట్లా దొరికిందమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు ఆయన బస్సు సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"నాకేం దెలుసు? అసలది ఆ పొద్దు గేటుకాడికి వస్తేగా! కుండ ముట్టుకుందని వీడే దాన్ని వెనకదోవన తరిమాడు!"

చుట్టూ ముఖాలు చూశాక, తన నోటినుంచి ఏం వచ్చిందో అవ్వకు అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. మరుక్షణం ఏడుపొచ్చింది. ఆ మిల్లులో న్యాయం పలికింది, మైల అంటించుకున్నావన్న మాట పడలేక.

ఇన్‌స్పెక్టరు లేచి నీళ్ళ గదికి నడిచాడు. గోడ మీద కొత్త సున్నం ఒకచోట ఇంకా తడిగా ఉంది. అక్కడ వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. షావుకారు వైపు తిరిగి చేతిరుమాలుతో వేలు తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఆఫీసులో తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక ఇన్‌స్పెక్టరు మా అందరి ముందూ చెప్పాడు: ఆమె మీద దొంగతనం లేదు. రేపటినుంచి ఆమె పనిలోకి వస్తుంది. నీళ్ళు అందరికీ ఒకే చోట. తనిఖీ అందరికీ ఒకే తీరు. షావుకారు తలూపి, "మేం ముందునించీ అనుకుంటన్నదే" అన్నాడు.

పాక తీసెయ్యమని ఆ సాయంత్రమే మాకు కబురు వచ్చింది. అమ్మ గిన్నెలు మూట కడుతూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేది. తర్వాత మేం మేనమామ పంచన చేరాం. నన్ను మాత్రం పనిలోంచి తీసెయ్యలేదు, ఇన్‌స్పెక్టరు నా పేరు రాసుకుని వెళ్ళాడు కాబట్టి. జిన్ను దగ్గరినుంచి లేపి ఎండలో గింజల కుప్ప ఎత్తే పనికి మార్చారు.

మర్నాడు హాజరులో ఆమె పేరు పిలిచారు. కొత్త కుండ పెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇంటినుంచి చెంబులతో నీళ్ళు తెచ్చుకున్నారు. కుండలోవి పల్లెవాళ్ళూ నేనూ తాగాం. ఆ రోజంతా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, తల వంచుకుని పని చేసుకుపోయింది. నేను గింజలు ఎత్తుతూ, సాయంత్రం ఆమె నన్ను చూసి ఒక్క నవ్వు నవ్వితే చాలని ఎదురుచూశాను. పాక పోయిన దుఃఖం దాంతో కొంచెం తగ్గుతుందని నా ఆశ.

సాయంత్రం గేటు దగ్గర వరస కట్టాం. ఆమె వంతు వచ్చింది. అవ్వ అలవాటుగా వెనక్కి జరగబోయింది. "అందర్నీ ఒకే తీరుగా చూడాల, ఆర్డరు" అన్నాడు మేస్త్రి, పళ్ళ మధ్యనుంచి. అవ్వ చేతులు ముందుకు వచ్చి గాలిలో ఆగిపోయాయి. ఊళ్ళోవాళ్ళు చూస్తున్నారు. అవ్వ రెండు వేళ్ళతో కొంగు చివర పట్టుకుని, అంతలోనే వదిలేసి, "ఇంక ఫో" అంది.

ఆమె పోలేదు. నవ్వనూ లేదు. తన కొంగు తనే విప్పి, రెండు చేతులూ పైకెత్తి, అవ్వ ముందుకు ఇంకో అడుగు వేసింది.

"సరిగ్గా చూడవ్వా," అంది. "చేత్తో తడిమి చూడు. లేకపోతే రేపు మళ్ళీ దొరికిందంటారు."